వినబడలేదు అనాల్సిన చోట లేదన్నాను

మెటల్ డిటెక్టర్లు అమ్మే, బాగుచేసే దుకాణంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి మొన్ననే మానేశాను. నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయీ, ఆదివారాలు బీచ్‌లో పాత నాణేల కోసం తిరిగే కుర్రాళ్లూ ఒకటే మాట: "అంకుల్, మీకు తెలిసింది రాసిపెట్టండి." యంత్రంతో పాటు వచ్చే పుస్తకంలో ఉన్న సంగతులు మళ్లీ రాయను. అందులో లేనివి రాస్తాను. వాటిలో ఎక్కువ భాగం నేను చేసిన ఒక తప్పు గురించే.

నా పేరు అప్పన్న. మలేసియాలోని పేరాక్‌లో ఒక కొబ్బరి ఎస్టేట్‌లో పుట్టాను. మా తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఇరవై రెండేళ్లప్పుడు నేను సరిహద్దులోని జొహోర్ దాటి ఈ దీవిలోని వుడ్‌ల్యాండ్స్ వచ్చి, రాగి తీగ చుట్టే ఫ్యాక్టరీలో చేరాను. డిటెక్టర్ కింద పళ్లెంలా ఉండే కాయిల్ లోపల ఉండేది కూడా ఆ తీగే. దాన్ని చుట్టడం వచ్చినవాడికి బాగుచేయడం కష్టం కాదు. అలా దుకాణానికి వచ్చాను. యజమాని చైనీస్ ఆయన, ఆయన పుట్టిందీ మలేసియాలోనే. ఇక్కడ యజమానిని టౌకే అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మేమిద్దరం మలాయ్‌లో మాట్లాడుకునేవాళ్లం. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఏ యంత్రం కొనాలి

కొత్తగా వచ్చే ప్రతివాడూ అన్నిటికంటే లోతుకి పోయే యంత్రం చూపించమంటాడు. ఒకసారి బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఆయన అలాగే వచ్చి, అద్దాల వెనక ఉన్న భారీ యంత్రం వైపు వేలు చూపించాడు. టౌకే కాదనలేదు. దాన్ని తీసి ఆయన చేతికిచ్చి, నేలకు తగలకుండా అటూ ఇటూ ఊపుతూ ఉండమని చెప్పి, తాను కుర్చీలో కూర్చుని కాఫీ తాగడం మొదలుపెట్టాడు. కప్పు సగమైనా కాకముందే ఆయన యంత్రం కింద పెట్టేశాడు. "బీచ్‌లో మూడు గంటలు ఊపాలి" అన్నాడు టౌకే. ఆ రోజు ఆయన కొన్నది అందులో సగం బరువు కూడా లేనిది. తర్వాత చాలా ఏళ్లు మా దగ్గరికే వచ్చాడు.

నాణేలూ ఉంగరాలూ చాలావరకు జానెడు లోతులోనే ఉంటాయి. అందుకే లోతు గురించి పడే తాపత్రయం అనవసరం అంటాను. ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ వెతుకుతారన్నది. ఉప్పునీళ్లు విద్యుత్తును మోస్తాయి కాబట్టి, ఒకే పౌనఃపున్యంతో నడిచే చవక యంత్రం తడి ఇసుక మీద ఊరికే అరుస్తుంది. అలల అంచున తిరగాలనుకుంటే ఒకేసారి అనేక పౌనఃపున్యాలతో నడిచేది కొనక తప్పదు. పొడి ఇసుకకీ గడ్డికీ చవకది చాలు. చెత్త ఎక్కువున్న చోట చిన్న కాయిల్ మేలు. హెడ్‌ఫోన్స్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. కొన్న తర్వాత కనీసం ఏడాది ఆ ఒక్క యంత్రంతోనే తిరగండి. పూలకుండీలో ఇసుక పోసి, మీ నాణెం, మీ తాళంచెవి, మీ ఉంగరం ఒక్కొక్కటే పాతి వినండి. ఒక్కో లోహం గొంతు మీ చెవికి అలవాటు కావాలి.

ఇంకో రెండు మాటలు. ఈ దీవిలో ఎవరిదీ కాని నేల అడుగు కూడా లేదు. ఎక్కడ వెతకవచ్చో, తవ్వవచ్చో ముందు కనుక్కోండి, అడగాల్సినవాళ్లను అడగండి. రెండోది, ప్రపంచ యుద్ధం నాటి గుండ్లు ఇప్పటికీ మట్టిలో ఉన్నాయి. పెద్ద ఇనుము పలికి, తుప్పుపట్టిన గుండ్రటిదేదో కనబడితే పార అక్కడే వదిలేసి, వెనక్కి వచ్చి పోలీసులకు ఫోన్ చేయండి. నేను రెండుసార్లు చేశాను. ఒకసారి అది మురుగు గొట్టం ముక్క. వచ్చిన పోలీసులు ఎవరూ నవ్వలేదు.

డబ్బా రింగులు

కూల్‌డ్రింక్ డబ్బా తెరవడానికి లాగే రింగు మా వృత్తికి పెద్ద శాపం. అల్యూమినియం కదా, ప్రతి బీచ్‌లోనూ వేలకొద్దీ ఉంటాయి. సన్నటి బంగారు ఉంగరం యంత్రంలో సరిగ్గా ఈ రింగులాగే పలుకుతుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ రెంటినీ నమ్మకంగా విడదీయలేదు. విడదీస్తుందని చెప్పి అమ్మేవాణ్ణి నమ్మకండి.

అక్కర్లేని లోహాలు చెవికి వినబడకుండా మూసేసే ఏర్పాటు యంత్రంలోనే ఉంటుంది. డబ్బా రింగుల గొంతు మూసేస్తే పని హాయిగా సాగుతుంది. దానితో పాటే సన్న బంగారం గొంతు కూడా మూసుకుపోతుంది. ఇది నాకు మొదటి ఏడాదే తెలుసు. దుకాణానికి వచ్చిన వందలమందికి నేనే చెప్పాను.

ఆ ఆదివారం

రఘురామ్ జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో ఇంజనీరు. వుడ్‌ల్యాండ్స్‌లో మాకు రెండు బ్లాకుల అవతల ఉంటాడు. నెమ్మదైన మనిషి. ఎనభై దాటిన తల్లి ఆయన దగ్గరే ఉంటుంది, ఆవిడకు మరుపు జబ్బు. ఆవిడను కనిపెట్టుకుని ఉండడానికి ఏజెన్సీ ద్వారా మంగ అనే ఆమెను పిలిపించుకున్నాడు. మంగది రాజోలు దగ్గర పల్లె. ఇద్దరు ఆడపిల్లలను తల్లి దగ్గర వదిలి వచ్చింది.

ఒక శనివారం రఘురామ్ ఫోన్ చేశాడు. ముందురోజు సాయంత్రం మంగ ఆవిడను బీచ్‌కు తీసుకెళ్లిందట, తిరిగొచ్చేసరికి మామ్మగారి వేలికి ఉంగరం లేదట. మామ్మగారే దాన్ని తీసి ఇసుకలో పెట్టేశారని మంగ చెబుతోందట. అరిగి అరిగి దారంలా సన్నబడ్డ పాత ఉంగరం. వదులైపోతే నూలు చుట్టి మరీ పెట్టుకునేదట ఆవిడ.

మర్నాడు పొద్దున్నే నలుగురం బీచ్‌కు వెళ్లాం. మామ్మగారిని మంగ చెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టింది. రఘురామ్ నాకు రాతిమెట్ల నుంచి, జనం మాంసం కాల్చుకుని కూల్‌డ్రింకులు తాగే బార్బెక్యూ గుంటల దాకా ఉన్న ఇసుక అంతా చూపించాడు. తర్వాత పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఉంగరం పోతే పోయింది అంకుల్. ఆమె నిజం చెబుతోందా లేదా, అది తెలియాలి నాకు. ఇంట్లో అమ్మను ఆమె చేతుల్లో పెట్టి వెళ్తున్నాను."

ఆ మాట విన్నప్పుడే నేను ఆగాల్సింది. నా యంత్రం మీద ఇసుకలోని ఉంగరంతో పాటు ఒక మనిషి మాట కూడా ఆధారపడి ఉందని ఆయన స్పష్టంగానే చెప్పాడు. నాకు మాత్రం అది నా అనుభవానికి దక్కిన గౌరవంలా తోచింది.

మొదటి గంటలో ఇరవై చోట్ల తవ్వాను. పదహారు డబ్బా రింగులు వచ్చాయి. ఎండ ముదిరింది, నడుము లాగడం మొదలైంది. అప్పుడు నేను రింగుల గొంతు మూసేశాను. యంత్రం ప్రశాంతంగా అయిపోయింది. తర్వాత రెండు గంటలు ఆ ఇసుకంతా తిరిగాను. ఒక తాళంచెవి, కొన్ని నాణేలు దొరికాయి. వాటిలో ఒకటి బ్రిటిష్ కాలం నాటి చదరపు సెంటు. ఆ సెంటు దొరికినప్పుడు చిన్నపిల్లాడిలా రఘురామ్‌కు తీసుకెళ్లి చూపించాను. చివరికి హెడ్‌ఫోన్స్ తీసి, మంగకూ వినబడేలా చెప్పాను.

"ఇక్కడ బంగారం లేదు బాబూ. ఉంటే నా చేతిలోంచి తప్పించుకోదు."

మంగ తల దించుకుని మామ్మగారి కాళ్లకు అంటిన ఇసుక దులుపుతూ ఉండిపోయింది.

టౌకే అడిగినది

సోమవారం చదరపు సెంటు టౌకే ముందు పెట్టి కథంతా చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రింగులు ఎన్ని తీశావని అడిగాడు. పదహారన్నాను.

"బార్బెక్యూ గుంటల పక్కన, మూడు గంటల్లో, పదహారేనా?"

నేను సెంటు తీసి జేబులో వేసుకున్నాను.

"అయితే నువ్వు వెతకలేదు అప్పన్నా. నడిచావు."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. నిజానికి ఆ సాయంత్రమే నేను బీచ్‌కు వెళ్లి ఉండాలి. వెళ్లలేదు. కోపం వచ్చింది. ఆయన ఎండలో నిలబడ్డాడా, నేను కదా నిలబడింది అనుకున్నాను. ఈపాటికి అలలు లాక్కుపోయి ఉంటాయని అనుకున్నాను, ఆ మెట్ల దాకా మామూలు అలలు రావని తెలిసి కూడా. అసలు సంగతి ఏమిటంటే, అందరి ముందూ అంత గట్టిగా లేదన్న మనిషి మళ్లీ పార పట్టుకుని ఎలా వెళ్తాడు? అలా మూడు వారాలు గడిచాయి.

వుడ్‌ల్యాండ్స్ స్టేషన్‌లో రఘురామ్ ఎదురయ్యాడు. తల్లిని చూసుకోవడానికి సెలవు పెట్టానని, నిద్ర లేదని చెప్పాడు. మంగ ఏమైందని అడిగాను.

"పంపించేశాం అంకుల్, పది రోజులైంది. పోలీసుల దాకా వెళ్లలేదు, పాపం పిల్లలున్నారని. మీరంతటివారు చూసి లేదన్నాక ఇంకేం అనుకోవాలి?"

ఆయన ఎక్కాల్సిన రైలు వచ్చింది, వెళ్లిపోయాడు. నేను ప్లాట్‌ఫాం మీద బల్ల మీద కూర్చుండిపోయాను. టౌకే అడిగిన సాయంత్రమే వెళ్లి ఉంటే ఆమె ఇంకా ఇక్కడే ఉండేది. ఎన్ని రకాలుగా లెక్క వేసినా ఆ మాట మారలేదు.

మళ్లీ వెతకడం

మర్నాడు సెలవు పెట్టాను. తాళ్లు కట్టి ఆ ఇసుకను బారలు బారలుగా విడగొట్టుకున్నాను. యంత్రంలో మూసినవన్నీ తెరిచేశాను. పలికిన ప్రతిచోటా తవ్వడం, గుంట పూడ్చడం, మళ్లీ తవ్వడం. మొదటి రోజు మోకాళ్ల మీదే గడిచింది. రింగులు లెక్కపెట్టడం మధ్యాహ్నానికే మానేశాను. అటుగా పోయేవాళ్లు బీచ్ శుభ్రం చేస్తున్నాననుకుని థాంక్యూ అంకుల్ అన్నారు. వాళ్లకు ఏం చెప్పగలను?

రెండో రోజు, మిట్టమధ్యాహ్నం వేళ రాతిమెట్ల పక్కన మరో రింగు పలికింది. గొంతులో ఏ తేడా లేదు. అంతకుముందు వచ్చిన వంద రింగుల్లాగే ఉంది. నాలుగు వేళ్ల లోతున, ఇసుక తోడే గరిటెలోకి నూలు చుట్టిన సన్నటి ఉంగరం వచ్చింది. మూడు వారాల కిందట నా కాయిల్ దాని మీదుగా కనీసం రెండుసార్లు వెళ్లి ఉంటుంది.

దొరికిందన్న సంతోషం ఏ మూలా లేదు. నా మాట వల్ల దొంగగా ముద్ర వేయించుకుని ఒకామె విమానమెక్కింది. ఆ మెట్ల మీద కూర్చుని, కాసేపు ఉంగరాన్ని మళ్లీ ఇసుకలో పెట్టేసి వెళ్లిపోతే ఎవరికి తెలుస్తుందని ఆలోచించాను. దాచకుండా చెప్పాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. తర్వాత లేచి నేరుగా రఘురామ్ ఇంటికి వెళ్లాను.

రఘురామ్ తలుపు తీశాడు. నేను అరచేయి తెరిచి చూపించాను. లోపలి నుంచి మామ్మగారు వచ్చి, నా అరచేతిలోంచి ఉంగరం తీసుకుని, రోజూ చేసే పనిలా వేలికి పెట్టుకుని వెళ్లిపోయారు.

"ఆమెకు నేనేమని చెప్పను అంకుల్?" అన్నాడు రఘురామ్.

"ముందు నేను చెప్పాలి బాబూ. ఫోన్ కలుపు."

మంగ ఫోన్ తీసింది. ఉంగరం దొరికిందని చెప్పాను. ముందుగా మామ్మగారి వేలికి పెట్టారా అని అడిగింది. పెట్టుకున్నారన్నాను. తప్పంతా నాదేనని, యంత్రం సరిగా పెట్టకుండా వెతికానని, తెలిసి కూడా మళ్లీ వెళ్లడానికి మూడు వారాలు ఆలస్యం చేశానని చెప్పాను. ఆమె మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా విన్నది.

"ఆ రోజు మిమ్మల్ని పిలిచానండి" అంది. "రెండుసార్లు పిలిచాను. చెవులకి అవి పెట్టుకుని ఉన్నారు. ఆగమన్నట్టు చెయ్యి ఊపారు. ఆగానండి."

నాకది గుర్తు లేదు. ఇప్పటికీ ఎంత ప్రయత్నించినా గుర్తు రాదు. గుర్తు పెట్టుకోవలసిన సంగతిగా ఆ రోజు నాకు తోచనే లేదన్నమాట.

క్షమించమ్మా అన్నాను.

"అది తర్వాత చూద్దామండి. మా ఊళ్లో నేను దొంగతనం చేసి వచ్చేశానంటున్నారు. నా పెద్దది బడి మానేసి ఇంట్లో కూర్చుంది. మీరు నోటితో చెప్తే ఎవరింటారండి? కాయితం మీద రాయండి. ఏజెన్సీ వాళ్లకోటి, నాకోటి."

ఆ రోజే రాశాం. మంగ అబద్ధం చెప్పలేదని, తానే తొందరపడ్డానని రఘురామ్ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాశాడు. నేను విడిగా ఇంకో కాగితం మీద, ఆ ఉంగరం నాకెందుకు వినబడలేదో, అందులో నా నిర్లక్ష్యం ఎంతో రాసి సంతకం పెట్టాను. ఇద్దరం ఏజెన్సీకి వెళ్లి, ఆమె పేరు మీద రాసుకున్న మాట కొట్టేయించేదాకా అక్కడి నుంచి కదలలేదు. ఊళ్లో ఆ కాగితాలను ఆమె పెద్దమ్మాయి వీధరుగు మీద నిలబడి గట్టిగా చదివిందట. మరుసటి సోమవారం నుంచి బడికి వెళ్లిందట.

తిరిగి రమ్మని రఘురామ్ బతిమాలాడు. ఆమె రానంది. "కోపం కాదండి. ఆ ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా నా గుండె ఆగిపోద్ది." మామ్మగారిని మాత్రం ఒకసారి ఫోన్‌లో చూపించమంది. మామ్మగారు ఆమెను పేరు పెట్టి పిలవలేకపోయారు గానీ, అన్నం తిన్నావా అని అడిగారు.

తర్వాత

దుకాణంలో టౌకేకు జరిగినదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఇంకా ఎంతమందికి నువ్విలా లేదని చెప్పావో అన్నాడంతే. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ పనిచేసింది. గుర్తున్న పాత ఖాతాదారులు నలుగురికి ఫోన్ చేసి, ఊరికే మళ్లీ వచ్చి చూస్తానన్నాను. ముగ్గురి దగ్గర ఏమీ లేదు. నాలుగోచోట, ఒక ఇంటి పెరటి గడ్డిలో, ఒకావిడ చెవి కమ్మ దొరికింది. ఆవిడ దాని మీద ఆశ వదిలేసి చాలా కాలమైంది.

యంత్రం చెప్పగలిగింది ఒక్కటే: నేను తిరిగిన చోట, నేను పెట్టిన పద్ధతిలో, నాకేమీ వినబడలేదు. ఆ తర్వాత నేను ఎవరికీ ఇంతకు మించి చెప్పలేదు. కొందరికి ఆ మాట నచ్చదు, డబ్బులిచ్చి పిలిచింది ఇందుకేనా అంటారు. అననివ్వండి. యంత్రం ఆన్ చేయకముందు హెడ్‌ఫోన్స్ మెడకు వేసుకుని, ఆ వస్తువు పోయినప్పుడు అక్కడ ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి కూర్చోండి. పిలిచినవాడి దగ్గరికి కాదు, అక్కడ ఉన్న మనిషి దగ్గరికి. ఆ మనిషిని ఎవరూ నమ్మకపోతే ఇంకా ఎక్కువసేపు కూర్చోండి.

అయిదు నెలల తర్వాత మంగ మళ్లీ ఈ దీవికి వచ్చింది. వుడ్‌ల్యాండ్స్‌కు దగ్గర్లోనే, యీషున్‌లో ఒక ముసలాయనను చూసుకునే పని. మొదటి సెలవు ఆదివారం మామ్మగారిని చూస్తానని రఘురామ్‌కు ఫోన్ చేసింది. బీచ్‌కే తీసుకెళ్దామంది. నన్నూ రమ్మన్నదట. సంకోచంగానే వెళ్లాను. యంత్రం తీసుకెళ్లలేదు.

మంగ నాతో పెద్దగా మాట్లాడలేదు. మామ్మగారి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ ఇసుకలోకి వచ్చింది. రాతిమెట్ల దగ్గర ఆగి, ఆవిడను పై మెట్టు మీద కూర్చోబెట్టి, నా వైపు తిరిగింది.

"సార్ నా మాట నమ్మట్లేదని, ఆ రోజు ఇది మీకు చూపిద్దామనే పిలిచానండి" అంది. "మామ్మగారు ఇలాగే కూర్చున్నారు. వేలితో గుంట చేసి, విత్తనం పెట్టినట్టు ఏదో పెట్టి మూసేశారు. నేను గవ్వేమో అనుకున్నాను. ఇంటికెళ్లాకే వేలు చూశాను."

ఆమె వంగి, మెట్టు పక్కన ఇసుకలో వేలు గుచ్చింది. "ఇక్కడండి."

ఉంగరం ఎక్కడ దొరికిందో నేను ఎవరికీ చెప్పలేదు, రఘురామ్‌కు కూడా. అడిగినప్పుడు మెట్ల వైపు అని మాత్రమే అన్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను అవునన్నట్టు తలూపాను. నేను తవ్విన చోటికీ, ఆమె వేలు ఉన్న చోటికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు.